రాణి కథకు వంత

రేపే కొత్త కథకు తొలి ప్రదర్శన. పాలకాయతిప్ప ఇసుకలో, మునిమాపు వేళ, కృపాకుమారి హుషారుగా తంబురా భుజానికెత్తుకుంది. ఈ తీరంలోనే సైన్యంతో సహా నేలకొరిగిన పూర్వకాలపు రాణి బుర్రకథ అది. వంత పాడేందుకు తమ్ముడు డేనియల్ వెనక నిలబడ్డాడు. ఒడ్డున ఇంకెవరూ లేరు.

"గుర్రమెక్కెను మన రాణీ..." అని గొంతెత్తింది.

"తందాన తాన!" అంటూ వెనక వంత మోగింది.

"అబ్బ, అదిరిందిరా! వందమంది పాడినట్టుంది!"

"అక్కా, నేనింకా నోరు తెరవలేదు."

మడచెట్ల చీకట్లో ఒక్క ఆకు కదల్లేదు. తర్వాతి చరణంలో రాణి తన సైన్యాన్ని రమ్మని పిలుస్తుంది.

"వద్దక్కా, వెళ్లిపోదాం," అంటూ డేనియల్ చెయ్యి లాగాడు.

ఇంతటి వంత ఆమె కథకు ఏనాడూ దొరకలేదు. ఒళ్లంతా పులకరిస్తుండగా కృపాకుమారి తంబురా మీటింది.