ఆకుపచ్చ చుక్క

స్లైడు మీది ఆకుపచ్చ సిరాచుక్కను డాక్టర్ మైసూన్ స్పిరిట్ దూదితో తుడిచేసింది.

"అయ్యో, చెరిపేశావా తల్లీ?" అన్నాడు హాజ్ తుహామీ.

"తప్పు చోట పెట్టారు హాజ్. క్యాన్సర్ ఇక్కడుంటే చుక్క దాని పక్కన పెట్టారు."

"పక్కనే పెట్టాను."

మైసూన్‌కి నవ్వొచ్చింది. పెళ్లయి పన్నెండు రోజులు. వేళ్ల మీద గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. ఆ రోజుల్లో ఆమెకు అన్నిటికీ నవ్వొచ్చేది.

స్ఫాక్స్ ఊళ్లోని ఆ ల్యాబ్‌కి ఆమె వచ్చి వారమే. స్లైడ్ల కోసం ముక్కలు పలచగా కోసే సల్వా సెలవులో ఉంటే, ఎప్పుడో రిటైరైన ఈ ముసలాయన వచ్చి ఆ పని చేస్తున్నాడు. రోజూ ఒక చేత్తో పొట్ట పట్టుకుని మెట్లెక్కేవాడు. రెండో చేతిలో కొత్త పెళ్లికూతురి కోసం మల్లెమొగ్గల గుత్తి.

"ఎక్కడ లాగించారు హాజ్, పొట్ట వదలరు?"

"ముసలితనంలో పొట్టే పెళ్లాం తల్లీ. చెయ్యి వదిలితే అలుగుతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన మళ్లీ స్లైడు దగ్గరికే వచ్చాడు.

"పెద్దపేగు ముక్క ఇది. కణాల్ని అందరూ చూస్తారు. వాటి చుట్టూ చూడు. గట్టి నారలా ఉండాల్సింది జావలా వదులైపోయింది. కాపలాకి ఒక్క తెల్లకణమైనా ఉందా? ఇది మళ్లీ వస్తుంది."

"లింఫ్ గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి. కీమో అక్కర్లేదు. అయినా చుట్టుపక్కల సంగతికి మన ఫారంలో గడే లేదు."

"గడి లేకపోతే కింద ఒక్క వాక్యం రాయి. అది చూస్తే సర్జన్ కీమో సంగతి ఆలోచిస్తాడు."

"ఇంతలా అడుగుతున్నారు, మీ చుట్టమా?"

ఆయన స్లైడు అంచున రాసి ఉన్న 2117ని వేలితో చూపించాడు.

"ఇక్కడ నంబరే ఉంటుంది, పేరుండదు. నలభై ఏళ్లు నేను తప్పని పద్ధతి. మొహం చూసి చదవకూడదు తల్లీ."

ఆమె ఫోన్ మోగింది. గుడ్డు పెట్టి నూనెలో వేయించిన వేడివేడి బ్రీక్‌లు రెండు కొని భర్త గేటు దగ్గర నిలబడ్డాడట. చల్లారిపోతాయట.

మైసూన్ రిపోర్టు మీద సంతకం పెట్టి, మల్లెగుత్తి చెవి వెనక దోపుకుని, మెట్లు గబగబా దిగింది.

ఆ ఒక్క వాక్యం రాయలేదు.

పద్నాలుగు నెలల తర్వాత సర్జన్ ఫోన్ చేశాడు.

"2117 ఒకసారి మళ్లీ చూడండి డాక్టర్. కాలేయమంతా పాకింది. పొద్దున్నే పోయాడు. అప్పట్లో ఏమైనా కనిపించిందా?"

ఆమె స్లైడు తీయించింది. ఈసారి కణాల్ని వదిలేసి చుట్టూ చూసింది.

నార లేదు. అంతా జావ. కాపలా లేదు.

ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. ఆమె సల్వా దగ్గరికి పరుగెత్తింది.

"సల్వా, హాజ్ తుహామీ ఇల్లెక్కడ? ఈ మధ్య రావడమే మానేశాడు. ఆయన కాళ్లు పట్టుకోవాలి. ఒక మనిషిని చంపేశానని చెప్పాలి."

సల్వా నంబర్ల ఎదుట పేర్లు రాసే పాత రిజిస్టరు తెరిచి, మెల్లగా ఆమె ముందుకు జరిపింది.

2117 ఎదురుగా, ఆకుపచ్చ సిరాతో, హాజ్ తుహామీ తన పేరు తానే రాసుకున్నాడు.