గుర్రం ముందు బంటు

"కళ్ళు కనిపించట్లేదా తాతా? పావులు సర్దడం కూడా రాకపోతే ఎలా?"

టైలరమ్మ కసిరింది.

కసరదూ మరి! ఇది వరుసగా మూడో రోజు. ఆమె బల్ల మీద మాత్రమే, రాజు పక్క గుర్రం ముందుండాల్సిన తెల్లబంటు రెండు గళ్ళు ముందుకెళ్ళి కూర్చుంటోంది.

ఈ పోటీలకని చెస్ హాల్లో కొత్తగా చేరి, బల్లలు తుడిచి, ఒక్కో పావునూ తడిమి తడిమి సర్దే ముసలాయన నొచ్చుకోలేదు.

"కావాలనే పెట్టానమ్మా. రేపు మొదటి ఎత్తు అదే వెయ్యి."

"మొదట్లోనే రాజుకి కాపలా తీసేసుకోవాలా? చిన్నపిల్లలు కూడా వెయ్యరది!"

"అందుకే వెయ్యమంటున్నా. నీ ఆట అందరికీ కంఠతా వచ్చేసింది. నువ్వు పావు కదపడమే ఆలస్యం, అవతలివాళ్ళు టక్కున తమ ఎత్తు వేసి గడియారం నొక్కేస్తున్నారు. రోజూ వింటున్నాగా."

చెప్పొచ్చాడు పెద్ద, అనుకుంటూ ఆమె బంటును వెనక్కి లాగింది.

ఆమె బాధ ఆమెది. నాలుగేళ్ళుగా ఫైనల్లో ఓటమే. అదీ ఒక్క మనిషి చేతిలోనే, బ్యాంకు మేనేజరు చేతిలో. పెద్ద పోటీలకు ఇక్కణ్ణుంచి పంపేది ఒక్కరినే.

"ఈసారీ ఓడితే బోర్డు అటకెక్కించేస్తానక్కా," అని ఇంట్లో మాటిచ్చి మరీ వచ్చింది.

మర్నాడు ఫైనల్. తెల్లపావులు ఆమెవే. బంటు ఈసారి బుద్ధిగా దాని గడిలోనే ఉంది.

ఎదురుగా మేనేజరు. ఆమె ఇంకా పావు ముట్టుకోనేలేదు, అతని చెయ్యి అప్పుడే తన బంటు దగ్గర సిద్ధంగా ఉంది.

ముసలాయన మాట నిజమే! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

తెగించినవాడికి తెడ్డే లింగం. గుర్రం ముందు బంటును రెండు గళ్ళు తోసేసింది.

మేనేజరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఐదు నిమిషాలు. పది. ఇరవై. జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

చివరికి టైము తరుముతుంటే కంగారులో మంత్రిని పోగొట్టుకుని, నవ్వుతూ చెయ్యి చాపాడు.

"ఎవరు చెప్పారమ్మా ఈ ఎత్తు?"

"పావులు సర్దే తాత!"

"అనుకున్నాను," అన్నాడు మేనేజరు.

ఆమె అప్పటికే సామాన్ల గది వైపు పరుగెత్తింది. గదిలో వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు.

"తాత నిన్నటితో పని మానేశాడమ్మా. పొద్దున్నే వచ్చి నీ బల్ల ఒక్కటి సర్ది, కూతురి దగ్గరికని బస్సెక్కేశాడు. గెలిస్తే ఫోన్ చెయ్యమన్నాడు. పెద్ద పోటీకి ఇంకో ఎత్తు దాచి ఉంచాడట."

ఆమెకు సంతోషంతోపాటు సిగ్గూ ముంచుకొచ్చింది.

"అన్నేసి మాటలన్నాను, ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను? అడ్రసివ్వు, ముందు క్షమించమని ఉత్తరం రాస్తా."

వెనకాలే వచ్చిన మేనేజరు మెల్లగా అన్నాడు.

"ఉత్తరం వద్దు, ఫోనే చెయ్యమ్మా. పాతికేళ్ళ కిందట ఇదే హాల్లో, ఇదే ఎత్తుతో నన్ను ఓడించి కప్పు గెలిచిన ఏడాదే ఆయనకి రెండు కళ్ళూ పోయాయి."