ఎదుటి బాల్కనీలో తెల్ల దుప్పటి

దోన్యా ఎల్వియా కిటికీ తెరిచిందో లేదో, వీధికి అవతలి బాల్కనీ మీద తెల్ల దుప్పటి పరుచుకుంది.

చేతిలోని కెమెరాను బల్లమీద పెట్టి ఆమె పళ్లు బిగించింది.

ఆంతియోకియా కొండల్లోని ఆ ఊళ్లో మే నెల మరియమాతది. ఆ నెలంతా చర్చిలో పంచే ప్రార్థన కార్డు మీద, ఊరివాళ్లు ఇచ్చినవాటిలోంచి ఎంచిన ఒక పువ్వు ఫోటో ఉంటుంది. పువ్వు ఎవరింట పూచిందో ఆ ఇంటి కిటికీ దగ్గరే దాన్ని తీయాలి, దీపం వెలిగించరాదు. దేవుడిచ్చిన వెలుగు చాలునని పెద్దలు పెట్టిన నియమం.

పాతికేళ్లుగా ప్రయత్నిస్తున్న ఎల్వియాకు ఆ భాగ్యం గత మూడేళ్లుగానే, తన ఆర్కిడ్ పువ్వుతో దక్కింది. కుట్టుపనితో ఒంటరిగా బతికిన ఆమెకు, ఊరంతా చేతబట్టి మోకరిల్లే ఆ కార్డే సర్వస్వం.

ఎదుటి మేడమీద అద్దెకున్న దోన్ నికనోర్, సముద్రతీరంలోని కార్తహేనా నుంచి వచ్చి మూడేళ్లయింది. మితభాషి. అక్కడొక పేరున్న ఫోటో స్టూడియోలో పనిచేశాడని అతనికి గది అద్దెకిచ్చిన రూబియేలా చెప్పిన నాటి నుంచి ఎల్వియాకు కంటిమీద కునుకు లేదు.

పైగా ఉదయపు ఎండంతా అతని వైపే. ఆమెది పడమటి కిటికీ. సూర్యుడు ఇటు తిరిగేసరికి కొండ మబ్బు కమ్మేస్తుంది.

దుప్పటి మర్మాన్ని ఆమె తనకు తానే తేల్చుకుంది. లోపల ఏదో పువ్వు దాచి, దానికి వెలుగు కూర్చుకుంటున్నాడు. ఈ ఏడు కార్డు తన్నుకుపోతాడు.

రొట్టెల దుకాణంలో ఎదురుపడినప్పుడు అననే అంది.

"రోజూ దుప్పటి ఆరేస్తారే, దోన్ నికనోర్. అంతగా ఏం మాపుతారో పాపం."

అతడు టోపీ తీసి నవ్వాడు. "ముసలివాణ్ణి కదండీ. మీ ఆర్కిడ్ మొగ్గ తొడిగిందా?"

ఆ ప్రశ్న ఆమెకు ముల్లులా దిగింది.

ఆ ఆదివారం ఫాదర్ ఈర్ష్య అనే పాపం గురించి ప్రసంగించారు. అది ఎదుటింటివాడి కోసమేనని ఎల్వియా తృప్తిపడింది. పూజ ముగియగానే ఆయనను కలిసి, మాత ఊరేగింపు సాగబోయే వీధిలో పడక బట్టలు వేలాడటం అపచారమని విన్నవించింది.

మర్నాడు బాల్కనీ బోసిగా ఉంది.

ఆ వారమే ఆమె ఆర్కిడ్ విచ్చుకుంది. కుండీని ఎప్పటి చోటనే పెట్టి, ఎప్పటి వేళకే ఫోటో తీసింది. మళ్లీ తీసింది. నాలుగు రోజులు తీసింది. చూరు మీదుగా జారిన ఆకాశపు వెలుగు లేత ఊదా రేకుల అంచులను తాకిందే తప్ప, పువ్వు గొంతులోని పసుపును చేరలేదు. అక్కడంతా నల్లటి నీడ.

ఆ ఏడు కార్డు మీద పోస్టుమాస్టరు కోడలి గులాబీ వచ్చింది.

నికనోర్ పువ్వూ ఓడినట్టేనా అని ఆమె ఫాదర్‌ను ఆశగా అడిగింది. ఆయన ఏనాడూ ఫోటో ఇవ్వనే లేదని ఫాదర్ చెప్పారు.

ఎల్వియా తిన్నగా రూబియేలా ఇంటికి వెళ్లింది. మేడమీది గది ఖాళీగా ఉంది. కొండ చలికి ఊపిరాడక అతడు సముద్రం వైపు వెళ్లిపోయాడట, చిరునామా ఇవ్వలేదట. మంచం మీద ఆ తెల్ల దుప్పటి మాత్రం మడతపెట్టి ఉంది.

"నీకే ఇమ్మన్నాడక్కా," అంది రూబియేలా. "ఒక్కనాడూ దాని మీద పడుకోలేదు. నీ కిటికీ తెరుచుకోగానే పరిచేవాడు, మూసుకోగానే తీసేవాడు. పిచ్చి మారాజు అనుకునేదాన్ని."

ఎల్వియా దుప్పటిని చేతిలోకి తీసుకుంది. "స్టూడియోలో పెద్ద ఫోటోగ్రాఫరని కదా నువ్వన్నది?"

"పనిచేశాడన్నాను గాని, కెమెరా ముట్టింది లేదట. ముప్పై ఏళ్లూ, వచ్చినవాళ్ల ముఖాన నీడ పడకుండా ఎదురుగా తెల్లగుడ్డ పట్టుకుని వెలుగు మళ్లిస్తూ నిలబడటమే ఆయన పని."