డొంకూరు పచ్చబడింది

డొంకూరు దొంగలూరని కంప్యూటర్లో ఎర్రగా కొట్టుకొచ్చిందట. ఆ ఎరుపు పూసినవాడు మన సునీలేనట. పలాస నుంచి ఈ ముక్క మోసుకొచ్చింది అప్పలమ్మ. సునీల్ తల్లి పంపిన నెత్తళ్ళ ఎండుచేపల మూట ఇవ్వడానికి వాళ్ళాఫీసుకి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి అంతా చూసిందట, అంతా విందట. అప్పలమ్మ చెవిన పడ్డ మాట ఉప్పులో పడ్డ చేప. ఓ పట్టాన చెడదు.

జీపు దిగీ దిగగానే వనజ ఆ మాటే సునీల్ మొహాన కొట్టింది. వనజ అతని మేనమామ కూతురు. కిడ్నీల సర్వే కోసం డొంకూరంతా తిరిగి పేర్లు రాసిందీ, రక్తాలు తీయించిందీ ఆ పిల్లే.

"మనూరు దొంగూరటేటి, బావా?"

"ఆ ఎరుపు ఎప్పుడో తీసేశాను. ఇప్పుడు పచ్చగా ఉంది," అన్నాడు సునీల్, వెనకాల దిగుతున్న వైకుంఠరావుకి వినబడేలా. సర్వే మొత్తానికి వైకుంఠరావే పెద్ద.

ఊరికో గడి. అక్కణ్ణుంచి వచ్చిన వివరాలు సవ్యంగా ఉంటే గడి పచ్చన, తేడా ఉంటే ఎరుపు. విశాఖ డాక్టర్లు కూడా ఇంటర్నెట్లో చూసుకునేలా ఆ డాష్‌బోర్డు డిజైన్ చేసింది సునీలే. ఉద్దానంలో ఊళ్ళన్నీ ఒకటొకటిగా పచ్చబడుతుంటే తన సొంతూరొక్కటే పొక్కులా ఎర్రగా మిగిలింది.

"మైలపల్లి నూకాలమ్మ, భర్త నూకయ్య. మళ్ళీ మైలపల్లి నూకాలమ్మ, భర్త నూకయ్య. కిందికెళ్ళేకొద్దీ ఆవిడే," అంటూ, అప్పలమ్మ వచ్చిన రోజు తెర చూసి వైకుంఠరావు పడీ పడీ నవ్వాడు. "మీ ఊళ్ళో పేర్లకీ కరువేనా ఏమిటోయ్? లేకపోతే ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని రాసేసిందా? కొంపదీసి మీ అమ్మగారి పేరు కూడా నూకాలమ్మేనా?"

ఆఫీసంతా నవ్వింది.

"కాదు సార్. నాగశ్రీ," అన్నాడు సునీల్. ఆ ఊపులోనే ఒక్క నూకాలమ్మని ఉంచి, మిగతా వాళ్ళందర్నీ డూప్లికేట్లని కొట్టేశాడు. గడి పచ్చబడింది.

ఇవాళ తుపాను షెల్టరు ముందు వ్యాను ఆగి ఉంది. రక్తంలో తేడా వచ్చినవాళ్ళని విశాఖ పెద్దాసుపత్రికి ఎక్కించుకెళ్ళాలి. కాగితం చూసి నర్సు పిలిచింది.

"మైలపల్లి నూకాలమ్మ."

అరుగు మీద సంచులు సర్దుకుని కూర్చున్న ఆడాళ్ళు ఒక్కసారిగా లేచారు.

"ఒక్కరేనమ్మా," అంది నర్సు.

"ఏ నూకాలమ్మండీ? పడవ నూకాలమ్మా, మెట్ట నూకాలమ్మా?"

ఆ సంగతి కాగితంలో లేదు. ముందు నిలబడ్డావిడ వ్యానెక్కింది. తక్కినవాళ్ళు సంచులు చంకనెట్టుకుని నిలబడిపోయారు.

"ఊరంతా మైలపల్లోలే. ఆడోలైనా మగోలైనా నూకాలమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టినోలు, బావా. మరింకే పేరెడతారు?" అంది వనజ. "ఈలల్లో ఎవలు అబద్దమో నువ్వే సూసి సెప్పు. అందరి రగతంలోనూ తేడా ఉన్నాది. ఈ రోగం ముదిరితే ఏటవుద్దో నాను సెప్పాలేటి? మీ నాన్న ఎలాగ పోనాడో మర్సిపోనావా?"

వైకుంఠరావు మొహంలో నవ్వు ఎప్పుడో ఇంకిపోయింది. "సునీల్, నువ్వు పుట్టి పెరిగిన ఊరు కదయ్యా. ఇంతమంది నూకాలమ్మలున్నారని నీకు తెలీదా?"

సునీల్ తల ఎత్తలేదు. చిన్నప్పుడు వీళ్ళలో సగంమంది చంకనెక్కి తిరిగినవాడే. అరుగు మీద అందరూ తన నోటివైపే చూస్తున్నారని చూడకుండానే తెలుస్తోంది.

"తెలీదు సార్."



"సరే, పొరపాటు మనది. మళ్ళీ రాసుకుంటాను," అని వైకుంఠరావు జేబులోంచి పెన్ను తీశాడు. స్తంభానికి చేరబడి ఓ మనిషి కూర్చుని ఉంది. కాళ్ళు బుస్సున పొంగి, నర్సు పిలిచినప్పుడు లేవబోయి లేవలేక మళ్ళీ కూలబడ్డ మనిషి. ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళి వంగి అడిగాడు. "నీ పేరు చెప్పమ్మా."

ఆవిడ పక్కనున్న అప్పలమ్మని ఓసారి చూసింది. తర్వాత వైకుంఠరావుని చూసింది. సునీల్ వైపు మాత్రం చూడలేదు.

"నూకాలమ్మని మావోడు కొట్టీసినాడు గదా, బాబూ. నాగశ్రీ అని రాసుకోండి. మీ ఆపీసులో ఆడి అమ్మ పేరు అదేనట."