ఎడమ ముందు చక్రం

“సిగ్గుండాలయ్యా మీ బొమ్మల కొట్లవాళ్లకి! వీటికి ఒక్క స్క్రూ అయినా ఉందా? అంతా జిగురు! విరిగితే పారేయడమేనా? ఏడ్చి ఇంకోటి కొనిపించుకోమనేనా పిల్లలకి మీరు నేర్పేది?”

అక్క సంచీ బోర్లించింది. మూడు రిమోట్ కార్లు గాజుబల్ల మీద దబదబా పడ్డాయి. మూడూ కుంటివే. ఆమె సిటీ బస్సు డ్రైవరు. మధ్యాహ్నం డ్యూటీ. ఖాకీ చొక్కాలోనే వచ్చేసింది. హారన్ కొట్టడం ఆమెకి నోటితో కూడా వచ్చు.

కొట్టువాడు ఒక కారును తిప్పి చూశాడు. “ఇవి మా దగ్గర కొన్నవి కావమ్మా.”

“ఎవరి దగ్గర కొంటేనేం? అందరూ ఒక తానులో ముక్కలే!”

పక్కనే తమ్ముడు తల గోక్కున్నాడు. గుద్దుకున్న కార్లకు సొట్టలు తీసే షెడ్డు అతనిది. మేనకోడలికి అసలుసిసలు రిమోట్ కారు కొనిస్తానని మాటిచ్చి, షెడ్డు మూసి మరీ వచ్చాడు. పిల్ల కంటే అతనికే ఆత్రం ఎక్కువ. కానీ ఈ మూడు శవాలను చూసేసరికి ఆ ఉత్సాహం కాస్తా నీరుగారిపోయింది.

“నెలలో మూడా! అక్కా, దీని చేతిలో వస్తువు నిలవదు. ఇప్పుడు మళ్లీ చౌకది ఏదో కొందాం. అసలైంది పెద్దయ్యాక చూద్దాంలే.”

తొమ్మిదేళ్ల మేనకోడలు దిగ్గున తలెత్తింది. ఏదో అనబోయింది. తల్లి వైపు చూసింది. నోరు మూసుకుంది. కళ్లలో మాత్రం నీళ్లు గిర్రున తిరిగాయి.

“నోర్ముయ్‌రా!” అక్క కస్సుమంది. “పిల్ల తప్పేం లేదు. కొంటే అసలైందే కొనాలి. మాటిచ్చి ఇప్పుడు నీళ్లు నములుతావా?”

కొట్టువాడు గొడవ ముదరనివ్వలేదు. అలమరలోంచి ఒక కారు తీసి పై డొప్ప ఎత్తాడు. లోపల గేర్లు, స్ప్రింగులు, చిటికెడంత మోటారు. ఎటు చూసినా స్క్రూలే. పిల్ల కన్నీళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

“దీన్ని విప్పొచ్చా?”

“విప్పాలి తల్లీ. విప్పి, తుడిచి, మళ్లీ బిగించాలి. ఇది బొమ్మ కాదు, బుల్లి బండి. ఏ ముక్క విరిగితే ఆ ముక్క ఒక్కటే కొనుక్కోవచ్చు.”

తమ్ముడి చూపు పైఅరలో ఎర్రగా మెరుస్తున్న దాని మీద పడింది. “అదెలా పోతుంది?”

“బాణంలా పోతుంది. నేరుగా గోడలోకి! మొదటి బండికి స్పీడు చూడకూడదు సార్. పార్టులు దొరుకుతాయా, పిల్ల చేతికి లొంగుతుందా, అవి చూడాలి. రండి, పెరట్లో నడిపి చూద్దురు గాని.”

పెరట్లో మట్టి ట్రాకు ఉంది. దాని చుట్టూ ఇటుకల గట్టు. రిమోట్ పిల్ల చేతికిచ్చి కొట్టువాడు హెచ్చరించాడు. “పోయేటప్పుడు అందరూ బాగానే నడుపుతారు. మన వైపు వచ్చేటప్పుడే తంటా. ఎదురొచ్చే బండికి కుడిఎడమలు తిరగబడతాయి.”

కారు బుర్రుమంది. మలుపు తిరిగింది. దుమ్ము రేపుకుంటూ ఎదురొచ్చింది. ఇటుక అంచుకు బెత్తెడు దూరంలో వయ్యారంగా ఒంగి, తిరిగి, వచ్చి పిల్ల కాళ్ల ముందు ఆగింది.

“ఓయబ్బో! మా కోడలా మజాకా!” తమ్ముడు ఎగిరి గంతేశాడు. “ఎలా వచ్చిందే నీకిది?”

“అమ్మ బస్సులో ఇంజన్ పెట్టె మీద అమ్మకి ఎదురుగా కూర్చుంటా కదా మామయ్యా. అమ్మ కుడి అంటే నాకు ఎడమే.”

తమ్ముడికి ఆనందంతో పాటు ఒక అనుమానం కూడా పుట్టింది. ఇంత ఒడుపున్న చేతిలో మూడు కార్లు ఎలా చచ్చాయి?

ఆ సంగతి అడిగేలోపే అక్క రిమోట్ లాక్కుంది. ఆమె వేళ్లు అప్పటికే దురదపెడుతున్నాయి. “ఒక్క రౌండు. ఒక్కటంటే ఒక్కటే. ఇన్నేళ్ల సర్వీసులో నా బస్సుకి గీత పడలేదు, తెలుసా?”

“అమ్మా, నెమ్మది!” పిల్ల రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

బస్సు అలవాటు ఎక్కడికి పోతుంది? అక్క కారును ఎడమ గట్టు వారగానే తోలింది. మలుపు దాకా రాజబాటే. మలుపు తిరిగి ఎదురొచ్చేసరికి గట్టు మరీ దగ్గరైనట్టు కనిపించింది. బండిని తన ఎడమ చేతి వైపు లాగుదామనుకుని రిమోట్ మీది బుల్లి స్టీరింగును ఎడమకు తిప్పింది. కారు తన ఎడమకే తిరిగి గట్టును ఢీకొట్టింది. ఎడమ ముందు చక్రం ఊడి, దొర్లుతూ వచ్చి తమ్ముడి చెప్పుకు తగిలింది.

“గట్టు అడ్డమొచ్చింది!” అంది అక్క.

తమ్ముడు చక్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. సొట్ట చూసి గుద్దిన తీరు చెప్పడమే అతని వృత్తి. గబగబా లోపలికెళ్లి గాజుబల్ల మీది మూడు కార్లనూ వరసగా నిలబెట్టాడు. మూడింటికీ లేనిది ఎడమ ముందు చక్రమే.

వెనకే వచ్చిన అక్క ఉన్నట్టుండి గోడ గడియారం వైపు తిరిగింది. “అమ్మో, డ్యూటీ టైమైపోతోంది...”

పిల్ల ఇక ఆగలేదు. మామయ్య చొక్కా పట్టుకుని గుంజింది.

“మామయ్యా, ఇప్పుడే రెండు ప్యాక్ చేయించు, అమ్మకొకటి! లేకపోతే నేను బడికెళ్లగానే దీన్ని కూడా తీసి గోడకి కొట్టేస్తుంది!”