పది ఊపులు

"కనకమ్మ గారూ, మీరు వద్దులెండి. మీరు పది ఊపులు ఊగేసరికి చంద్రుడు వచ్చి వెళ్లిపోతాడు" అన్నాడు అపార్ట్‌మెంట్ సెక్రటరీ పట్టాభి.

వరుసలో నవ్వులు.

దిల్‌సుఖ్‌నగర్‌లో అట్లతద్ది సాయంత్రం. గేటు పక్క వేపకొమ్మకు ఒకటే ఉయ్యాల. మనిషికి పది ఊపులు. చంద్రుడు వచ్చేలోపు ఆడవాళ్లందరూ ఊగాలి. ఆపైన పూజ, అట్లు.

కనకమ్మది పోచంపల్లి. ఈ పండుగ వాళ్లింట్లో లేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. ఆమె కొడుకు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పుకు పోయాడు. మెట్ల మీద కోస్తా వాళ్లు ఎదురుపడితే ఇరువైపులా పలకరింపులు తగ్గాయి. అలాంటిది పై అంతస్తు ఇందిరాదేవి వచ్చి, "రండి వదిన గారూ, ఊగుదురుగాని" అని పిలిచింది. కనకమ్మ పట్టుచీర కట్టుకొని మరీ దిగింది. ఇప్పుడు ఊగకుండా మెట్లెక్కితే మళ్లీ ఎవరి గడపా తొక్కలేదు.

"బరువుంటే మెల్లగ ఊగుతదా ఏంది?" అంది. గొంతు తగ్గింది.

"మరి? లారీ, స్కూటరూ ఒకటేనా?"

గోడ పక్క నిలబడి చూస్తున్న వేదవతి టీచరు కదిలింది. సర్కారు బడిలో ఫిజిక్స్ చెబుతుంది. వరుసలో ఆమె లేదు.

"తాడు పొడవును బట్టే టైము, పట్టాభి గారూ. బరువుతో పని లేదు. కావాలంటే ఊగించండి, నేను చూసి చెబుతాను."

ముందు ఇంటర్ చదివే అలేఖ్య. నలభై కిలోలు. టీచరు మణికట్టు కళ్ల దగ్గరకు తెచ్చుకుంది. పది ఊపులయ్యాయి.

"ముప్పై సెకన్లు."

తర్వాత కనకమ్మ. తొంభై కిలోలు. కొమ్మ కిర్రుమంది.

"పైకి లేవకండి, కూర్చునే ఊగండి" అంది టీచరు. చూపు మాత్రం మణికట్టు మీదే. "ఎనిమిది... తొమ్మిది... పది. ముప్పై సెకన్లు!"

చప్పట్లు. పట్టాభి బుర్ర గోక్కున్నాడు. "టీచరు గారే చెప్పాక ఇంకేముంది?"

"ఇంకో పది వేసుకోండి వదినా!" అరిచింది ఇందిరాదేవి.

కనకమ్మ ఇంకో పదీ ఊగింది. పట్టుచీర గాలికి లేచింది. దిగీదిగగానే పరుగున వచ్చింది.

"నా ఇజ్జత్ కాపాడినవ్ టీచరమ్మా!" అంటూ ఆమె గడియారం చెయ్యి పట్టుకుంది.

ఎండాకాలంలో చనిపోయిన టీచరు భర్త గడియారం, ఆమె మణికట్టు మీద, సెకన్ల ముల్లుతో సహా ఆగిపోయి ఉంది.