నాలుగువేల నూట ఏడో మార్పు

కొత్తమ్మాయి మీద సెక్షన్ హెడ్‌కి రెండో రోజే అనుమానం వచ్చింది.

ఆ రోజు ఆమె తిన్నగా కిటికీ పక్కనున్న బల్ల దగ్గరికెళ్లి నిలబడింది.

"ఇక్కడ ఎవరు కూర్చునేవారు సార్?"

"మాస్టారని, మాకందరికీ గురువుగారు. మానేసి ఎనిమిదేళ్లయింది. ఏం?"

"ఊరికే సార్."

ఊరికే ఎవరడుగుతారు?

ఆ ఆఫీసులో తయారయ్యేది వరద లెక్క. ఎగువన ఇంత వాన పడితే దిగువన నది ఎన్ని గంటల్లో ఎన్ని అడుగులు లేస్తుందో చెప్పే సాఫ్ట్‌వేర్. అందులో ఎవరు ఒక్క అంకె మార్చినా పేరుతో సహా గుర్తుపెట్టుకునే వ్యవస్థ ఒకటుంది. ఇరవై ఏళ్ల నాటిది. నడవలేక నడుస్తోంది. అది పూర్తిగా మూలపడకముందే అందులోని పదకొండు వేల మార్పుల్నీ కొత్త వ్యవస్థలోకి ఎక్కించెయ్యాలని డైరెక్టరు మేడం నిర్ణయించింది. ఆ పని కోసం ఏజెన్సీ వాళ్లు రెండు నెలలకి పంపిన మనిషి ఈ అమ్మాయి.

పనిలో వంక పెట్టడానికి లేదు. వారం తిరక్కుండా మూడోవంతు ఎక్కించేసింది. తలెత్తదు, కబుర్లాడదు. హెడ్‌కి అదీ మింగుడుపడలేదు. ఇరవై రెండేళ్ల పిల్లకి అంత నిదానం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఒక సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని ఆపాడు.

"సార్, ఆ అమ్మాయి పాత రిజిస్టర్లు అడిగిందండీ. ఎనిమిదేళ్ల కిందటివి. చెదలు తినేశాయని చెప్పాను."

సాఫ్ట్‌వేర్ పనికొచ్చిన పిల్లకి గేటు రిజిస్టర్లతో ఏం పని? ఇంటికెళ్లి భార్యతో అదే అన్నాడు.

"ఎంతుంటుందేమిటి వయసు?" అందామె కూర వడ్డిస్తూ.

"ఇరవై రెండు."

"అయితే అనుమానం నేను పడాలండీ, మీరు కాదు!" అని నవ్వింది. అతను నవ్వలేదు. "మొన్న పేపరబ్బాయిని అనుమానించారు, నిన్న పక్కింటాయన్ని. అనుమానం పెనుభూతం అన్నారు. పాపం, ఆ మాస్టారు మానేసినప్పట్నుంచీ బరువంతా మీ నెత్తినే పడింది."

కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. మాస్టారి మాటెత్తితే ఇప్పటికీ అతనికి అన్నం సహించదు.

ఆయన మానేసిన యేడు సాఫ్ట్‌వేర్ నాలుగు అడుగులంది. నది తొమ్మిది అడుగులు లేచింది. రెండు వీధులు మునిగాయి. ఒకింట్లో తల్లీ బిడ్డా దక్కలేదు. విచారణ జరిగింది. నాలుగువేల నూట ఏడో మార్పు దగ్గర ఒక అంకె తప్పు పడిందని తేలింది. దాని పక్కన మాస్టారి పేరుంది.

"ఆ రోజు పొద్దున్నంతా ఆ ఫైలే పట్టుకుని కూర్చున్నాను. నేనే చేసుంటాను," అన్నారాయన. వాదించలేదు. రాజీనామా రాసిచ్చి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఆ వీధిలో ఎవరికీ కనబడలేదు.

మర్నాడు భోజనాల వేళ కొత్తమ్మాయి సీటు ఖాళీగా ఉంది. బల్ల మీద నోటుపుస్తకం తెరిచే ఉంది. హెడ్ అటూ ఇటూ చూసి వంగాడు.

పేజీ మొత్తానికి ఒకటే అంకె. 4107. కింద రెండు గీతలు.

పదకొండు వేల మార్పుల్లో ఆ ఒక్కదానితో ఈ పిల్లకేం పని? ఎవరో పంపారు. పత్రికల వాళ్లో, పోటీ కంపెనీ వాళ్లో. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదనుకుని సరాసరి డైరెక్టరు గదిలోకి వెళ్లాడు.

"మేడం, ఆ అమ్మాయిని ఇవాళే పంపించెయ్యండి. మిగతా పని నేను చూసుకుంటాను."

"అంత కొంప ఏం మునిగింది?"

"పాత గొడవ తవ్వుతోంది. మాస్టారి పరువు మళ్లీ బజార్న పడేస్తుంది. ఆయన నాకు తండ్రిలాంటివారు మేడం. నేను చూస్తూ ఊరుకోలేను."

మేడం అతన్ని ఓ క్షణం చూసి, ఫోన్ తీసి అమ్మాయిని రమ్మంది. ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఎవరమ్మా నిన్ను పంపింది?" హెడ్డే అడిగాడు.

"ఎవరూ పంపలేదు సార్. ఆరు నెలలు ఏజెన్సీ చుట్టూ తిరిగి నేనే ఈ పని తెచ్చుకున్నాను."

మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఎందుకు?"

"పాత వ్యవస్థ తెర మీద తేదీ ఒక్కటే చూపిస్తుంది మేడం. విచారణ వాళ్లు చూసిందీ అదే. కొత్తదాంట్లోకి ఎక్కించేటప్పుడు లోపల దాగిన గంటా నిమిషం కూడా బయటపడతాయి. ఆ మార్పు చేసింది మధ్యాహ్నం మూడూ పదికి."

"అయితే ఏమిటంట?" హెడ్ గొంతు పెంచాడు.

ఆమె అతని వైపు తిరిగింది.

"ఆ మూడింటికి మా నాన్న ఆసుపత్రిలో నా విరిగిన చేతికి కట్టు కట్టిస్తున్నారు సార్. బడి నుంచి కబురు రాగానే, తెరిచి ఉన్న కంప్యూటర్ని ఉన్నదున్నట్టు మీకప్పజెప్పి పరిగెత్తుకొచ్చారు."